టేపు అందరి నడుముకీ చుడదాం

జాకెట్టు కుట్లు విప్పించుకోవడమంటే ఏమిటో మన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రాజమండ్రిలో నాకు ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుట్టే టైలరు దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. అందులో నా పేరు మీద ఒక పేజీ. పెళ్ళయిన కొత్తలో రాసిన అంకె కొట్టేసి ఇంకో అంకె, అదీ కొట్టేసి మరో అంకె. నా సంసారం చరిత్రంతా ఆ పేజీలో ఉంది. పెద్దవాడు పుట్టాక ఒక అంకె, చిన్నది పుట్టాక ఒక అంకె, నెలసరి ఆగిపోయాక ఇంకో అంకె. మొన్న సంక్రాంతికి ముందు వెళ్తే టేపు చుట్టి చూసి, ఏమీ అనకుండా పెన్సిలు అందుకున్నాడు. "ఎంత పెరిగింది?" అన్నాను. "ఎంతో లేదమ్మగారూ, ఇంచిన్నర" అన్నాడు మెల్లిగా. మర్యాదస్తుడు. ఆ మర్యాద మన ఇళ్ళల్లో కనపడదు.

చాలాకాలం నా లావు సంగతి నాకూ ఆ టైలరుకీ మధ్య వ్యవహారం అనుకున్నాను. అందం తగ్గిందనీ, ఫొటోలో బాగా పడనీ దిగులు తప్ప, ఇది ఒంటి లోపలి లెక్క అని తోచలేదు. తోచేలా చేసింది మా అక్క.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. కోనసీమలో ఇల్లు, కొబ్బరితోట, నిండుగా బంధువులు. వచ్చినవాళ్ళకి వడ్డించి, అందరూ లేచాక, గిన్నెల్లో మిగిలింది పారేయడం ఎందుకని తానే తినేసే మనిషి. రెండేళ్ళ కిందట విరేచనంలో రక్తం కనిపించింది. మొలలు అనుకుంది. బావగారితో చెప్పాలంటే సిగ్గు, కొడుకుతో అసలే చెప్పలేదు. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చింది. మధ్యలో ఆయాసం వస్తే పరీక్ష చేయించారు. రక్తం తక్కువగా ఉందన్నారు. ఐరన్ బిళ్ళలు, టానిక్కు ఇచ్చారు. బీట్‌రూట్ రసం తాగమని మేమూ సలహా ఇచ్చాం. నెలసరి ఆగిపోయి ఎనిమిదేళ్ళయిన మనిషికి రక్తం ఎక్కడికి పోతోందని ఆవిడా అడగలేదు, మేమూ అడగలేదు. చివరికి ఒక పెళ్ళిలో వడ్డన చేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు కొలొనోస్కోపీ చేశారు. పెద్దపేగులో ఎడమవైపు క్యాన్సర్ గడ్డ.

ఆపరేషను అయింది, ఆరు నెలలు కీమో అయింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆపరేషన్ గురించి కాదు, ఆ రోజు ఆస్పత్రి వరండాలో జరిగిన ఒక మాట గురించి. చూడ్డానికి వచ్చిన బంధువు ఒకాయన, ఆపిళ్ళు చేతిలో పెడుతూనే, "ఒళ్ళు తగ్గించుకోమని ఎన్నిసార్లు చెప్పాం, వింటేగా" అన్నారు. ఆయన వెళ్ళాక అక్క కూతురు నా పక్కన కూర్చుని అడిగింది. "పిన్నీ, అమ్మ లావుగా ఉండబట్టే వచ్చిందా? అమ్మదే తప్పా?"

నాకు జవాబు తెలియలేదు. "ఊరుకోమ్మా, అలాంటి మాటలు పట్టించుకోకు" అన్నాను. అది జవాబు కాదు. ఈ రెండేళ్ళలో డాక్టర్లని అడిగాను, దొరికినవల్లా చదివాను. ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబు నా పద్ధతిలో మీ అందరితో చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే ఉంటారు.

లాకులూ తూములూ

ముందు తేలిపోయిన సంగతి చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, ఒంట్లో అదనపు కొవ్వు లేకపోతే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందని ప్రకటించింది. వాటిలో పెద్దపేగు క్యాన్సర్ ఉంది. మనకి సంబంధించినవి ఇంకా ఉన్నాయి. నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, అండాశయం, పిత్తాశయం. కాబట్టి లావుకీ జబ్బుకీ సంబంధం లేదనడం కుదరదు.

మరి నడుము చుట్టూ ఉన్న కొవ్వుకీ పేగు లోపల మొలిచే గడ్డకీ లంకె ఏమిటి? ఇది అర్థం కావాలంటే మన ధవళేశ్వరం గుర్తు తెచ్చుకుంటే చాలు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరిలో నీళ్ళు అవే నీళ్ళు. కానీ ఏ కాలువకి ఎంత వదలాలి, ఏ తూము తెరవాలి, ఏది మూయాలి అన్నది లాకుల దగ్గర, షట్టర్ల దగ్గర తేలుతుంది. తూము తెరిస్తే చేను పండుతుంది, వేళకి మూయకపోతే అదే చేను మునుగుతుంది. నీళ్ళదేం తప్పు లేదు.

మన జన్యువులూ అంతే. కంట్లో కణానికీ, పేగులో కణానికీ అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు పని చేయాలి, ఏది నిద్రపోవాలి అన్నది వాటి మీద అంటుకుని ఉండే చిన్న చిన్న రసాయన గుర్తులు చెబుతాయి. కొన్ని డిఎన్ఏ మీద నేరుగా అంటుకుంటాయి, వాటిని మిథైల్ గుర్తులంటారు. కొన్ని డిఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రోటీన్ల మీద ఉంటాయి. జన్యువు మారదు, దాని తూము తెరుచుకోవడం, మూసుకోవడం మారుతుంది. ఈ శాస్త్రం పేరు ఎపిజెనెటిక్స్. పేరు చూసి భయపడకండి, సంగతి లాకుల సంగతే.

పొట్ట చుట్టూ చేరిన కొవ్వు మూటగట్టి అటక మీద పెట్టిన పాత సామాను లాంటిది కాదు. అది పొద్దస్తమానం రక్తంలోకి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. ఇన్సులిన్ మోతాదు పెరుగుతుంది. పొయ్యిలో నివురు కింద నిప్పులాగా ఒంట్లో సన్నని మంట రాజుకుని ఉంటుంది. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతూ ఉంటుంది. అంత తొందరగా కొత్త కణాలు పుట్టేచోట, ఇలాంటి సంకేతాలు ఏళ్ళ తరబడి తగులుతూ ఉంటే, గుర్తులు తారుమారు కావడానికి అవకాశం పెరుగుతుంది. పెరుగుదలని అదుపులో పెట్టే జన్యువు తూము మూతపడచ్చు, పెరగమని తొందరపెట్టే జన్యువు తూము తెరుచుకుని ఉండిపోవచ్చు.

ఇది ఊహ మాత్రమేనా? కొంత రుజువు ఉంది. అమెరికాలో నార్త్ కరొలినాలోని జాతీయ పర్యావరణ ఆరోగ్య శాస్త్రాల సంస్థవాళ్ళు 2014లో చిట్టెలుకల మీద చేసిన పని ప్రచురించారు. కొవ్వు తిండి పెట్టి ఎలుకల్ని లావెక్కించారు. వాటి పెద్దపేగు పొర కణాల్లో హిస్టోన్ గుర్తులు మారిపోయాయి. ఆ మార్పుల తీరు పేగు క్యాన్సర్‌లో కనిపించే తీరుని పోలి ఉంది. గడ్డ ఇంకా రాకుండానే సుమండీ. ఇంకో గుంపు ఎలుకలకి అదే తిండి పెట్టారు. వాటిలో ఒళ్ళు రాకుండా కాపాడే మనిషి జన్యువు ఒకటి చేర్చారు. అదే తిండి తిన్నా అవి అంత లావెక్కలేదు, ఆ మార్పులూ కనిపించలేదు. అంటే పళ్ళెంలో ఉన్న కొవ్వు కంటే ఒంట్లో పేరుకున్న కొవ్వే ఆ మార్పులకి ముఖ్య కారణమని వాళ్ళు తేల్చారు.

ఎలుక ఎలుకే, మనిషి మనిషే. సన్నగా రివటలా ఉన్నవాళ్ళకీ ఈ జబ్బు వస్తోంది. లావుగా ఉన్నవాళ్ళలో చాలామందికి జన్మలో రాదు. వయసు, వంశం, సిగరెట్టు, మందు, తినే తిండి, ఇవన్నీ కలుస్తాయి. కాబట్టి మా అక్క కూతురికి నా జవాబులో మొదటి సగం ఇది. లావు ముప్పుని పెంచుతుంది, నిజం. కానీ మీ అమ్మకి దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ వేలుపెట్టి చూపలేడు. ఆపిళ్ళు పట్టుకొచ్చిన పెద్దమనిషి అసలే చెప్పలేడు.

"వింటేగా" అనే ముందు

రెండో సగం ఇంకా ముఖ్యం. ఒళ్ళు తగ్గడం ఇష్టాన్ని బట్టి ఉంటుందనీ, తగ్గనివాళ్ళు బద్ధకస్తులనీ మనవాళ్ళ నమ్మకం. నేనూ తగ్గాను. రెండుసార్లు. ఒకసారి ఎనిమిది కిలోలు తగ్గి, ఏడాదిన్నరలో తొమ్మిది కిలోలు పెరిగాను. ఇంట్లో నవ్వుకున్నారు. నాకే నా మీద అసహ్యం వేసింది.

2024 చివర్లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ శాస్త్రజ్ఞులు చెప్పిన సంగతి చదివినప్పుడు, ఎవరో వీపు నిమిరినట్టయింది. ఒళ్ళు బాగా తగ్గాక కూడా కొవ్వు కణాల్లో లావు తాలూకు గుర్తులు మిగిలే ఉంటున్నాయట. మనుషుల కొవ్వులోనూ ఈ జ్ఞాపకం కనపడింది. ఎలుకల్లోనైతే ఆ ఎపిజెనెటిక్ గుర్తులే స్పష్టంగా దొరికాయి. అలాంటి ఎలుకలకి మళ్ళీ కొవ్వు తిండి పెడితే మిగతావాటికంటే తొందరగా లావెక్కాయి. మనకి బాగా తెలిసిన విషయమే ఇది. జాకెట్టు కుట్లు విప్పినా గుడ్డ మీద సూది గుర్తులు ఉండిపోవూ? ఆ గుర్తుల వెంటే దారం మళ్ళీ సులువుగా పోతుంది. తగ్గి మళ్ళీ పెరిగిన మనిషి ఒళ్ళు తన పాత కొలతని గుర్తు పెట్టుకుని లాగుతోంది. ఆవిడ బద్ధకం కాదు. ఇక ముందు ఎవరినైనా "వింటేగా" అనబోయే ముందు ఈ ముక్క గుర్తు తెచ్చుకోండి.

ఒంటి జ్ఞాపకం ఎంత దూరం పోతుందో హాలండు కథ చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలం అక్కడ పడమటి పట్టణాల్లో తిండి లేక జనం అల్లాడారు. అప్పుడు తల్లి కడుపులో పడ్డ బిడ్డల్ని అరవై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ళ తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది. ఆ కరువు కాలంలో ఎదిగే వయసులో ఉన్న పిల్లలకి, మిథైల్ గుర్తులు విపరీతంగా పేరుకున్న రకం పేగు క్యాన్సర్ తర్వాత రోజుల్లో కొంత తక్కువగా వచ్చిందని 2009లో మరో పరిశోధన చెప్పింది. దీన్ని పట్టుకుని పిల్లల్ని పస్తులుంచమని ఎవరూ అనరు. కడుపు మాడిన తల్లుల పిల్లలకి వేరే జబ్బులు వచ్చాయి కూడాను. చిన్ననాటి పళ్ళెం ముసలితనం దాకా వెంట వస్తుందని మాత్రం తెలుసుకోవాలి.

ఇక్కడే నాకో భయం కూడా ఉంది. ఇలాంటి పరిశోధనలు రాగానే నేరం తల్లి మీద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, పిల్లకి ఏం పెట్టావు అని. కూలికి పోయే తల్లికి ఏం దొరికిందో అది తింది. మనలాంటి ఇళ్ళల్లో తల్లి నలుగురూ తిన్నాక మిగిలింది తింది. గుర్తులు పడ్డది ఆవిడ ఒంటి మీద కావచ్చు, వాటిని వేసింది మాత్రం ఇల్లంతా కలిసి.

భీమవరం బిడ్డ చెప్పిన పాఠం

ఈ మిథైల్ గుర్తుల కథలో మన జిల్లా మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసి నాకు ఒళ్ళు పులకరించింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. సొంత అన్నదమ్ములని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆయన మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ జబ్బుకి అది మందయింది. గర్భిణులకి డాక్టర్లు ఇచ్చే బిళ్ళలో ఉండేదీ అదే.

ఫోలిక్ అనే పేరు ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆకుకూరల్లో ఉంటుంది కాబట్టి. ఇందాక చెప్పిన మిథైల్ గుర్తులు వేయడానికి కావలసిన సరుకు అందించడంలో ఫోలేటుది ముఖ్యమైన పాత్ర. అంటే మన తోటకూర, గోంగూర, మునగాకు, పెసలు, మినుములు, శనగలు ఒంట్లో తూములు సరిగ్గా నడవడానికి అక్కరకొస్తాయన్నమాట.

అయితే వెంటనే మందుల షాపుకి పరిగెత్తకండి. అదే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా అమినోప్టెరిన్ తయారు చేసింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో ప్రచురించారు. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడే. అంటే పెరగాల్సిన కణానికి బలం ఇచ్చే సరుకే, దారి తప్పిన కణానికీ బలం ఇస్తుంది. పేగులో పిలకలు తీయించుకున్నవాళ్ళకి ఫోలిక్ బిళ్ళలు ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్ష 2007లో, బిళ్ళల వల్ల కొత్త పిలకలు ఆగలేదని తేల్చింది. కాబట్టి గర్భిణులు డాక్టరు చెప్పినట్టు వేసుకోవాలి. మిగతావాళ్ళం ఆకుకూర వండుకుంటే చాలు.

పీచు సంగతి కూడా చెప్పాలి. పప్పులు, కూరలు, ముడిధాన్యాల పీచు మనకి అరగదు. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని తిని బ్యూటిరేట్ అనే పదార్థం తయారు చేస్తాయి. పేగు పొర కణాలకి అదే ఆహారం. పైగా అది హిస్టోన్ల మీద గుర్తుల్ని సర్దే పని కూడా చేస్తుంది. మనం మూడుపూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం కొండలా పెట్టుకుని, పక్కన చెంచాడు కూర వేసుకుంటే ఆ సూక్ష్మజీవులు ఏం తింటాయి చెప్పండి?

మన మర్యాద, మన పళ్ళెం

గోదావరి జిల్లాల మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది. ఆనకట్ట రాకముందు కరువులు చూసిన నేల ఇది. నీళ్ళు వచ్చి, ధాన్యం నిండాక, వచ్చినవాళ్ళకి కొసరి కొసరి వడ్డించడం మన గొప్ప అయింది. వద్దంటే కోపం, చాలంటే అలక. పూతరేకు వద్దంటే ఆత్రేయపురాన్నే అవమానించినట్టు, కాజా వద్దంటే తాపేశ్వరం పగ పట్టినట్టు చూస్తారు. నేనూ అలా చూసిన మనిషినే, నన్ను మినహాయించుకోవడం లేదు.

కానీ కాలం మారింది. ఉభయ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో లెక్క తీసి 2006లో ప్రచురించారు. దాదాపు మూడోవంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. ఆ ఏడే మన పల్లెల మీద వచ్చిన మరో పరిశోధనలో, ముప్ఫై దాటినవాళ్ళలో నూటికి 13 మందికి షుగరు ఉందని తేలింది. పల్లెల్లో సుమండీ, పట్నాల్లో కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో నూటికి 24 మంది అధిక బరువుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువ. లావుగానూ ఉన్నాం, బలహీనంగానూ ఉన్నాం. పళ్ళెం నిండుగా ఉంది కానీ పళ్ళెంలో సరుకు లేదన్నమాట.

దీనికి మందుగా కొందరు పెద్దలు, "మా అమ్మ రుబ్బురోల్లో రుబ్బేది, నూతిలో నీళ్ళు తోడేది, లావెక్కిందా?" అంటారు. ఆ అమ్మకి నడుము నెప్పి ఎలా ఉండేదో వాళ్ళు అడిగిన పాపాన పోలేదు. నాకు రుబ్బురోలు వద్దు. నాకు రోజుకి ఒక గంట కావాలి. తెల్లవారుజామున నేను నడకకి వెళ్తే కాఫీ ఎవరు పెడతారు అన్న ప్రశ్న రాని గంట. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2013లో, ఒళ్ళు వంచని మనుషుల చేత ఆరు నెలలు వ్యాయామం చేయిస్తే కొవ్వు కణాల్లో వేల జన్యువుల మీద గుర్తులు మారాయని చూపించారు. తూములు మళ్ళీ సర్దుకోగలవన్నమాట, అది ఆశ. కానీ పరీక్షకి తీసుకున్నవాళ్ళందరూ మగవాళ్ళేనండీ! వాళ్ళకి ఆ గంట దొరికింది.

మగవాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకోటి. లావుకీ పేగు క్యాన్సర్‌కీ ఉన్న లంకె ఆడవాళ్ళలోకంటే మగవాళ్ళలో బలంగా ఉంది. మరి మన ఇళ్ళల్లో టేపు ఎవరి నడుముకి చుడుతున్నాం? ఆడపిల్ల రెండు కిలోలు పెరిగితే సంబంధాలు రావని గోల. ఆయన బొజ్జ పెరిగితే హోదా, "కాస్త ఒళ్ళు చేశారు, బాగున్నారు" అని మెచ్చుకోలు. మా అక్క కూతురు పెళ్ళిచూపుల కోసం నెలరోజులు పొడులు కలిపిన నీళ్ళు తాగి, తిండి మానేసి, కళ్ళు తిరిగి పడింది. ఆ నెలంతా వాళ్ళ నాన్నగారు రాత్రి పదింటికి వేపుడుతో రెండు పళ్ళాల అన్నం తిన్నారు. ఆయన పళ్ళెం వైపు ఎవరూ చూడలేదు. లావుని అందం లెక్కలో చూస్తే జరిగేది ఇదే. కొలవాల్సినవాళ్ళని కొలవం, కొలవక్కర్లేని పిల్లల్ని ఏడిపిస్తాం.

సిగ్గు ఖరీదు

ఇక నా సంగతి. తోడబుట్టిన దానికి వచ్చింది కాబట్టి నన్నూ కొలొనోస్కోపీ చేయించుకోమన్నారు. సొంత తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చి ఉంటే నలభై ఏళ్ళకి, లేదా వాళ్ళకి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళ ముందే, ఏది ముందైతే అప్పుడు, చూపించుకోవాలని డాక్టర్లు చెబుతారు. నేను అప్పటికే ఆలస్యం. ముందురోజు కడుపు ఖాళీ చేయడానికి తాగించే ఆ నీళ్ళున్నాయి చూశారూ, శత్రువుకి కూడా వద్దు. పరీక్ష మాత్రం నిద్రలోనే అయిపోయింది. చిన్న పిలక ఒకటి కనపడిందనీ, అక్కడికక్కడే తీసేశామనీ చెప్పారు. ఇలాంటి పిలకల్లో కొన్ని ఏళ్ళ మీద క్యాన్సర్‌గా మారతాయి. తీసేస్తే ఆ దారి మూసేసినట్టే. మా అక్క సిగ్గుపడకుండా ఉంటే ఆవిడకీ ఏళ్ళ కిందటే ఇంతతో పోయేదేమో అనుకుంటే గుండె కలుక్కుమంటుంది.

2022 అంచనాల్లో మన దేశంలో ఏడాదికి దాదాపు 70 వేలమందికి పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లు కొత్తగా వచ్చాయి. జనాభాతో చూస్తే పాశ్చాత్య దేశాలకంటే తక్కువే. కానీ ప్రభుత్వం ముప్ఫై దాటినవాళ్ళకి చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పేగు లేదు. కాబట్టి ఎవరో వచ్చి అడుగుతారని కూర్చోవద్దు. విరేచనంలో రక్తం కనిపించినా, ఏళ్ళుగా ఉన్న అలవాటు మారి మూడు నాలుగు వారాలు అలాగే ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నెలసరి ఆగాక రక్తం తక్కువైనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "మొలలే కదా" అని మీకు మీరు సర్ది చెప్పుకోకండి. టానిక్కు రాసిస్తే, "రక్తం ఎటు పోతోందో చూడరా?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక పని చేశాను. కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తీసి అందర్నీ హాల్లో నిలబెట్టాను. మన దేశంవాళ్ళకి ఆడవాళ్ళయితే 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు, మగవాళ్ళయితే 90 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు. నాది ముప్ఫై ఎనిమిది. మా వారిది నలభై ఒకటి. "ఊపిరి బిగపట్టకండి" అంటే పిల్లలు ఒకటే నవ్వు. ఆయనా నవ్వారు కానీ, ఆ రాత్రి రెండోసారి అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మర్నాడు పొద్దున్న ఇద్దరం గోదావరి గట్టు మీద నడిచి వచ్చాం. కాఫీ ఆయనే పెట్టారు. బాగాలేదు. తాగాను.

అక్క కూతురికి ఫోను చేసి నా జవాబు చెప్పాను. "అమ్మది తప్పు కాదమ్మా. కానీ అమ్మ పళ్ళెం ఇకనుంచి అందరి బాధ్యత. నీదీ, మీ నాన్నగారిదీ కూడా." అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే టేపు కొలతలు నాన్నకి కూడా చెప్పనా పిన్నీ?" అంది.

చెప్పమన్నాను. మీరూ మీ ఇంట్లో చెప్పండి.